సరిగ్గా సగానికి

వర్ధనమ్మ చెవిలోంచి వినికిడి యంత్రాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది.

"అమ్మాయ్, దీంట్లో చీమలు పాకుతున్నట్టుంది. సన్నగా మాట్లాడితే ఆ గోలే తప్ప మాట వినపడ్డం లేదు."

సుమేధ ముఖం చిన్నబోయింది. కాకినాడలోని ఆ చిన్న ప్రయోగశాలలో, యంత్రానికి సీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసింది ఆమే. వర్ధనమ్మ ఒకప్పుడు ఊరూరా హరికథలు చెప్పిన మనిషి. చెవులు మందగించాక, శ్రుతి తెలియకుండా పాడటం పాపమని మానేసింది. ఆవిడ చేత మళ్లీ పాడించాలని సుమేధ పట్టుదల.

సుమేధ లోపలి గదిలో ఉన్న పరాంకుశం మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆమెకి లెక్కలూ, ప్రోగ్రాములూ నేర్పింది ఆయనే.

"నా లెక్కలో తప్పు లేదు మాస్టారూ" అంది సుమేధ. "పెద్ద సంఖ్యలు చిప్పులో పట్టవు. అందుకని ప్రతి దశలోనూ పదితో భాగిస్తున్నాను. పనయ్యాక పదితో గుణిస్తున్నాను. ఎక్కడిదక్కడికే వస్తుంది కదా! ఆవిడకే ఇంకా అలవాటు కాలేదు."

"చిప్పు కూడా మనలాగే పదుల్లో లెక్క పెడుతుందా?"

"లేదు, రెండుల్లో. అయితే ఏం? చివరి అంకెలో వెంట్రుకవాసి తేడా వస్తుందేమో, అంతే."

మాస్టారు లేచి, సుమేధని వెంటబెట్టుకుని వర్ధనమ్మ దగ్గరికి వెళ్లి, ఆవిడ చెవి దగ్గర గట్టిగా అడిగారు.

"ఏదైనా ఒక పల్లవి పాడతారా అమ్మా?"

"నాకే వినపడని పాట మీకెందుకు మాస్టారూ?"

"ఈ అమ్మాయి కోసం."

వర్ధనమ్మ కళ్లు మూసుకుంది. గొంతు వణికినా పల్లవి నిండుగా వచ్చింది.

"ఇప్పుడు అదే, కింది స్థాయిలో."

ఆవిడ మళ్లీ పాడింది. మాస్టారు సుమేధ వైపు తిరిగారు.

"స్వరాలేమైనా చెదిరాయా?"

"లేదు మాస్టారూ. అన్నీ కలిసి కిందికి దిగాయి."

"ఎంత దిగాయి?"

"ఒక స్థాయి దిగితే ధ్వని కంపనాలు సగమవుతాయి. సరిగ్గా సగానికి..." సుమేధ మాట అక్కడే ఆగిపోయింది.

మాస్టారు మళ్లీ వర్ధనమ్మ చెవి దగ్గరికి వంగారు. "ఇంకో స్థాయి దిగండమ్మా."

ఆవిడ ప్రయత్నించింది. పెదవులు కదిలాయి గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. నవ్వేసింది. "అక్కడ నాకు స్వరం లేదు నాయనా."

సుమేధ అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది.

యంత్రం ప్రతి సంఖ్యనీ రెండు ముక్కలుగా దాచుకుంటుంది. అసలు అంకెలు ఒక ముక్క, వాటిని రెండుతో ఎన్నిసార్లు హెచ్చించాలో చెప్పే ఘాతం రెండో ముక్క. పదితో భాగించినప్పుడల్లా అసలు అంకెల చివర అరిగిపోతోంది. ఆ అరుగుడే చెవిలో గోల. అదే రెండుతో భాగిస్తే, స్థాయి దిగిన పల్లవిలా అసలు అంకెలు చెదరవు, ఘాతం ఒక్కటే దిగుతుంది. సుమేధ పదితో చేసే భాగహారాలూ గుణకారాలూ అన్నీ కొట్టేసి, ఆ ఘాతాన్ని మాత్రమే జరిపే స్కాల్బ్‌ఎన్ అనే ఫంక్షన్ పెట్టింది. చిప్పు పట్టుకోగలిగిన కనిష్ఠం కంటే ఏ సంఖ్యా కిందికి జారకుండా ఒక కాపలా కూడా రాసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక యంత్రాన్ని తనే వర్ధనమ్మ చెవికి తగిలించింది. ఆవిడ తల పక్కకి వంచి కూర్చుంది.

గది ఆ చివర నుంచి మాస్టారు లోగొంతుకతో ఏదో కీర్తన ఎత్తుకున్నారు.

వర్ధనమ్మ వింది. ఇంకాస్త వింది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమనుకోకండి మాస్టారూ, గాంధారం కాస్త తగ్గింది."

సుమేధ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారు రెండు చేతులూ జోడించారు.

"మళ్లీ పాడతానమ్మా. దిద్దండి."