సున్నమ్మ గిన్నె ఖాళీ చేసినవాడు

అచ్చాయమ్మ పెరట్లో పశువుల పాకకూ కట్టెల గుట్టకూ మధ్య ఒక చెక్క గూడు ఉండేది. అందులో సున్నమ్మ అనే తెల్ల కుందేలు కాపురం. కుందేళ్ళ లెక్కన సున్నమ్మది పండు ముసలితనం. నడుము బిగుసుకుపోయింది, ఒక కంటిమీద పొర కమ్మింది, దానికితోడు మతిమరుపు. నీళ్ళు తాగి నాలుగడుగులు వేశాక, తాగానా లేదా అని మళ్ళీ వెనక్కి వచ్చేది. పెరట్లో తిరిగే చుక్కల కోడిపెట్టను, ఎప్పుడో పోయిన ఎర్ర పెట్ట పేరుతో పిలిచేది.

మతిమరుపుకంటే పెద్ద ఇబ్బంది కడుపు. ఉన్నట్టుండి అది పనిచెయ్యడం మానేసేది. అలా ఆగినప్పుడల్లా సున్నమ్మ తిండి ముట్టకుండా గూటి మూలకు చేరి, కాళ్ళు ముడుచుకుని, పళ్ళు కొరుకుతూ కూర్చునేది. ఎండల్లో ఒకసారి అలా అయింది, వానల్లో ఇంకోసారి అయింది. పశువుల డాక్టరు వచ్చి మందు పోసి, పొట్ట నిమిరి బాగుచేశాడు. వెళ్ళబోతూ అచ్చాయమ్మకు గట్టిగా చెప్పాడు.

"ఎండుగడ్డి ముఖ్యం అమ్మా. పొద్దస్తమానం దాని ముందు ఎండుగడ్డి ఉండాలి. కాసిని ఆకులు, మంచినీళ్ళు. పళ్ళూ బిస్కెట్లూ వద్దు. రోజూ పొద్దున గూడు ఊడ్చేటప్పుడు పెంటికలు చూడండి. గుండ్రంగా నిండుగా ఉంటే బాగున్నట్టు. చిన్నవైపోయినా, అసలు లేకపోయినా వెంటనే నాకు కబురు చెయ్యండి. ఆలస్యమైతే మాత్రం మన చేతుల్లో ఉండదు."

అచ్చాయమ్మ కొన్నాళ్ళు అలాగే చేసింది. ఆ తరువాత మనసాగలేదు. పాపం ముసలిది, ఎంతకాలమని ఈ గడ్డిపోచలు నములుతుంది అనుకుని, సాయంత్రంపూట గిన్నెలో అరటిపండు ముక్కలు, నానబెట్టిన సెనగలు పెట్టడం మొదలుపెట్టింది.

అరటిపండు వాసన కట్టెల గుట్ట కిందికి పోయింది. అక్కడ ఒక పందికొక్కు ఉండేది. బాగా బలిసినది, మాట నేర్చినది. అది మట్టి తవ్వుకుంటూ వచ్చి, గూటి అడుగున ఒక పుచ్చిన చెక్కను కొరికి, ఆ కన్నంలోంచి తల బయటపెట్టింది.

"మామ్మా, బాగున్నావా?"

"ఎవరు నాయనా?"

"అదేమిటి, నేను. కట్టెల గుట్ట కింద ఉంటాను. నిన్ను పలకరించి పోదామని నిన్న కూడా వచ్చానుగా. మర్చిపోయావా?"

నిజానికి నిన్న అది రానేలేదు. సున్నమ్మకు ఆ సంగతి గుర్తు లేదు, గుర్తు లేదని చెప్పుకోవడానికి నామోషీ.

"ఆఁ, వచ్చావు, వచ్చావు. ఎందుకు మర్చిపోతాను" అంది.

ఆ ఒక్క జవాబుతో పందికొక్కుకు దారి దొరికింది.

"ఇవాళ పండులో సగం నాకు పెడతానన్నావు కూడా."

"అన్నానా?" సున్నమ్మ కాసేపు ఆలోచించింది. "అనే ఉంటాను. తీసుకో నాయనా."

అలా ఇద్దరికీ పొత్తు కుదిరింది. పందికొక్కు పొద్దుగూకేసరికి వచ్చేది, మామ్మా మామ్మా అంటూ పక్కన కూర్చునేది, సగానికి పైగా తినేసి పోయేది. సున్నమ్మకు కూడా పండు రుచి మరిగి గడ్డి మీద ధ్యాస తగ్గింది. గడ్డి తగ్గిన కుందేలు కడుపు ఎంతోకాలం సాగదు. ఒక సాయంత్రం అచ్చాయమ్మ గిన్నె పెట్టి వెళ్ళాక సున్నమ్మ దానివంక చూసి మొహం తిప్పుకుంది.

"తినవేం మామ్మా?" అని అడిగింది పందికొక్కు.

"కడుపులో రాయి పడ్డట్టుంది. ముద్ద దిగదు. గిన్నె అలాగే ఉంటే పొద్దున్న అచ్చాయమ్మకు తెలిసిపోతుంది."

"తెలిస్తే ఏం?"

"నీకేం తెలుసురా, నువ్వు కొక్కువి. జబ్బుగా ఉన్నానని బయటపెట్టుకున్న కుందేలునే గద్ద ముందు తన్నుకుపోతుంది. ఎంత నొప్పి ఉన్నా ఏమీ లేనట్టు కూర్చోవాలి. మా అమ్మ నాకు నేర్పింది అదే."

అచ్చాయమ్మ గద్ద కాదనీ, సున్నమ్మ అడవిలో లేదనీ పందికొక్కు చెప్పొచ్చు. చెబితే డాక్టరు వస్తాడు. డాక్టరు వస్తే పండు పోతుంది.

"నేనుండగా నీ పరువు పోనిస్తానా మామ్మా. నువ్వలా ఒత్తిగిలు. గిన్నె సంగతి నేను చూసుకుంటాను" అంది. చూసుకుంది. అడుగున తడి కూడా మిగల్లేదు.

పొద్దున్నే అచ్చాయమ్మ వచ్చి గిన్నె చూసి మురిసిపోయింది. "అంతా తినేశావే, బంగారుతల్లి" అని మరికాస్త పండు కోసి పెట్టింది. గూడు ఊడుస్తూ పెంటికల కోసం చూసింది. మసక వెలుతురులో నల్లగా ఏవో కనిపించాయి. అవి పందికొక్కు తింటూ తింటూ వదిలినవి. చాల్లే అనుకుని చీపురుతో చిమ్మేసింది.

మర్నాడూ అంతే. ఈలోగా సున్నమ్మకు నీరసం వచ్చింది. నీరసంలో మతి ఇంకా చెదిరింది.

"ఒరే అబ్బాయ్, నేను నిన్న ఏమన్నా తిన్నానా?"

"భలేదానివి మామ్మా. గిన్నెడు తిన్నావు. నా కళ్ళముందే."

"మరి ఇంత నీరసమేమిటి?"

"తిన్నది అరగలేదు. తిన్నావు, మర్చిపోయావు. వయసు అలాంటిది మరి" అంది పందికొక్కు, మూతికంటిన సెనగపొట్టు తుడుచుకుంటూ.

సున్నమ్మ ఖాళీ గిన్నె చూసింది. గిన్నె ఖాళీగా ఉందంటే తినే ఉంటుంది. ఇక తన మతిని తాను నమ్మడానికి లేదు అనుకుంది. భయం వేసింది. ఆ భయం కూడా బయటికి కనపడకుండా మూలకు జరిగి కూర్చుంది.

చుక్కల పెట్టకు పెరట్లో ఏ చెత్తకుప్పయినా కెలికి చూడనిదే తోచదు. ఆ పొద్దున్న గూటి చెత్త కెలికి, పక్కనే పాకలో కట్టేసి ఉన్న ముసలి ఎద్దు దగ్గరికి వచ్చింది. ఆ ఎద్దును పెరడంతా పెద్దయ్య అని పిలిచేది.

"పెద్దయ్యా, ఒక వింత. మామ్మ గూటి చెత్తలో గుండ్రటి పెంటిక ఒక్కటి లేదు. అన్నీ పొడుగ్గా, కొసలు తేలి ఉన్నాయి. ముసలితనంలో రూపం మారుతుందా?"

పెద్దయ్య నెమరు ఆపింది. అది నెమరు ఆపడమంటే పెద్ద సంగతే. గూటివైపు మెడ చాచి, "సున్నమ్మా, నిన్న ఏం తిన్నావు?" అని అడిగింది.

"గిన్నెడు అరటిపండు. తిన్నానంట."

"అంట ఏమిటి? తిన్నది నువ్వా, ఊళ్ళోవాళ్ళా?"

"నాకు గుర్తుండటం లేదు పెద్దయ్యా. కట్టెల గుట్ట కింద అబ్బాయి చెప్పాడు. చాలా మంచివాడు. రోజూ వచ్చి గుర్తుచేసి పోతాడు."

"గుర్తుచేసేటప్పుడు వాడి మూతి ఎలా ఉంటుంది?"

సున్నమ్మ ఆలోచించింది. "జిగురుగా ఉంటుంది" అంది మెల్లిగా.

"కడుపు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"నాతో కూడా అబద్ధమేనా?"

సున్నమ్మ కొంచెంసేపు పళ్ళు కొరికింది. "బిగుసుకుపోయింది. కదలటం లేదు. కిందటిసారి కంటే ఎక్కువగా ఉంది."

పెట్ట కంగారుపడింది. "అచ్చాయమ్మకు తెలియాలి పెద్దయ్యా. ఇలాగే ఇంకో రోజు గడిస్తే మామ్మ దక్కదు. నేను వెళ్ళి కాళ్ళకు అడ్డంపడి అరవనా?"

"నువ్వు రోజూ అరుస్తావు. గుడ్డు పెట్టావనుకుంటుంది. మన మాట మనుషులకు పట్టదు, కళ్ళకు కనపడాలి. నేనేమో కట్టుకొయ్యకు కట్టేసి ఉన్నాను. ఈ పని చెయ్యగలిగినవాడు ఒక్కడే. కొక్కుగాడు."

"వాడెందుకు చేస్తాడు?"

"చూస్తూండు" అని పెద్దయ్య మళ్ళీ నెమరు మొదలుపెట్టింది.

పొద్దు వాలింది. కట్టెల గుట్ట కింద అలికిడి వినగానే పెద్దయ్య కావాలని గొంతు పెంచి పెట్టతో అంది.

"పాపం, సున్నమ్మకు రేపటినుంచి పండు బందట. అచ్చాయమ్మ పక్కింటావిడతో అంటుంటే విన్నాను."

"అదేం పెద్దయ్యా?" పెట్ట కూడా గొంతు పెంచింది.

"గూట్లో పెంటికలు తక్కువగా ఉన్నాయట. డాక్టరు అదే చూడమన్నాడుగా. రేపు పొద్దున్న కూడా తక్కువుంటే పండూ లేదు, సెనగలూ లేవు, ఉత్త గడ్డేనట. గూడు నిండుగా ఉంటే మాత్రం పండు రెట్టింపు చేస్తుందట."

పందికొక్కు చెవులు నిక్కాయి. కన్నంలోంచి తల బయటపెట్టి పెద్దయ్యను పలకరించింది.

"ఇంతేనా బాబాయ్? ఇంత చిన్నదానికి మామ్మ నోటి దగ్గర తిండి తీసేస్తారా?"

"మనం ఏం చెయ్యగలం నాయనా. ముసలిది. దాని చేతకావడం లేదు."

"ముసలిదానికి చేతకాకపోతే వయసువాళ్ళం మేం లేమూ?" అంది పందికొక్కు.

"నువ్వు ఉపకారివి. కానీ ఒక్కడివి ఏం చేస్తావు?"

"నేనొక్కణ్ణే ఏమిటి. ఇంట్లో పెళ్ళాం ఉంది, పిల్లలున్నారు, మా బావమరిది చూడటానికి వచ్చి ఉన్నాడు. రేపు పొద్దున్న చూడు బాబాయ్, గూట్లో అడుగు పెట్టడానికి చోటుండదు."

"ఇంటిల్లిపాదినీ ఎందుకు శ్రమపెడతావు" అంది పెద్దయ్య.

"శ్రమ ఏముంది. మామ్మ కోసం."

అన్నమాట ప్రకారం పందికొక్కు కుటుంబమంతా దిగింది. గిన్నెలో ఉన్నది పంచుకు తిన్నారు. తిని ఊరుకోకుండా గూటి నాలుగు మూలలా, నడిమధ్యన, నీళ్ళ పళ్ళెం చుట్టూ చేతనైనంత సాయం చేశారు. బావమరిది ఉత్సాహంకొద్దీ గూటి గడప మీద కూడా చేశాడు. సున్నమ్మ మూలన ముడుచుకుని, ఒక కంటితో ఈ సందడంతా చూస్తూ ఉంది. కడుపునొప్పి లేకపోతే నవ్వేదే.

తెల్లవారాక అచ్చాయమ్మ చీపురు పట్టుకుని వచ్చి తలుపు తీసి, అక్కడే నిలబడిపోయింది. ఇన్ని ఒక్క కుందేలు ఎలా వేస్తుంది? వంగి, ఒక ఎండుటాకుతో ఒకదాన్ని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. పొడుగ్గా, కొసలు తేలి ఉంది. ఇంకొకటి ఎత్తింది. అదీ అంతే. గూడంతా వెతికింది. గుండ్రటిది ఒక్కటీ కనపడలేదు.

"ఇవి పందికొక్కువి" అంది పైకే. "మరి నీవేవే సున్నమ్మా?"

గిన్నె ఎవరు ఖాళీ చేస్తున్నారో ఆవిడకు అప్పుడు తట్టింది. కుందేల్ని ఒళ్ళోకి తీసుకుని పొట్ట మీద చెయ్యి వేసింది. పొట్ట డప్పులా బిగిసి ఉంది. సున్నమ్మ అలవాటు కొద్దీ ఏమీ లేనట్టు ఉండబోయింది. కానీ ఆ వెచ్చటి చెయ్యి కింద ఇక ఓపిక లేకపోయింది. తల వాల్చేసి, వినపడేట్టు పళ్ళు కొరికింది. అచ్చాయమ్మ చీపురు అక్కడే పడేసి డాక్టరుకు కబురు పంపింది.

డాక్టరు వచ్చి పొట్ట తడిమి, చెవి ఆనించి విన్నాడు. "అడ్డం ఏమీ పడలేదు. ఆగిపోయింది, అంతే. మీరు ఇవాళ పిలవకపోతే కష్టమయ్యేది" అన్నాడు. నొప్పికి సూది వేశాడు, గాలి పోవడానికి చుక్కలు వేశాడు. గడ్డిపొడి నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో పెదవి పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టించడం చూపించాడు. పొట్ట మెత్తగా నిమరమన్నాడు, కాసేపు నడిపించమన్నాడు. పండు సంగతి అడిగితే అచ్చాయమ్మ తల వంచుకుంది.

ఆ పగలంతా ఆవిడ సున్నమ్మను ఒళ్ళోంచి దించితే నడిపించడానికే దించింది. సాయంత్రానికి ఒక పెంటిక పడింది. చిన్నదే, కానీ గుండ్రంగా ఉంది. పెట్ట పరిగెత్తుకుపోయి పెద్దయ్యకు చెప్పింది. పెద్దయ్య "ఊఁ" అంది.

పుచ్చిన చెక్క తీసేసి అచ్చాయమ్మ రేకు కొట్టించింది. రేకు కింద రాళ్ళు పేర్చింది. ఆ రోజునుంచి గూట్లో ఎప్పుడూ ఎండుగడ్డి. మెడ పైకెత్తలేని ముసలిదానికి అందేట్టు లోతులేని పళ్ళెంలో నీళ్ళు. బొచ్చు రాలే కాలంలో అది కడుపులోకి పోకుండా దువ్వెన. పొద్దున్నే పెట్టతో కలిసి పెరట్లో ఒక చుట్టు. అచ్చాయమ్మ వెలుతురు బాగా వచ్చాకే గూడు ఊడ్చేది. చలికాలంలో కడుపు మళ్ళీ ఒకసారి మొరాయించింది. ఆ పూటే పట్టుకున్నారు గనక మర్నాటికే సర్దుకుంది. ఇక అది పూర్తిగా పోయే జబ్బు కాదని డాక్టరు ముందే చెప్పాడు. కనిపెట్టి ఉండాలి, అంతే.

సున్నమ్మ మతిమరుపు మాత్రం తగ్గలేదు. కానీ రోజూ పొద్దున్నే "పెద్దయ్యా, నిన్న నేను తిన్నానా?" అని పాకవైపు తిరిగి నామోషీ లేకుండా అడిగేది. "సగం కట్ట గడ్డి నమిలావు, కొత్తిమీర కాడలు వదిలేశావు" అని పెద్దయ్య చెప్పేది. "నా గడ్డి తగ్గలేదు, నీ గడ్డి తగ్గింది. కాబట్టి తిన్నది నువ్వే" అని నవ్వేది.

కొన్నాళ్ళకు పందికొక్కు మళ్ళీ వచ్చింది. రేకుకు ముక్కు తగిలి, చుట్టూ తిరిగి, గూటి జాలీ తలుపు ముందు కూర్చుంది. ఒళ్ళు బాగా చిక్కింది.

"మామ్మా, నేను. గుర్తున్నానా?"

"ఏమో నాయనా. నాకు మరుపు."

"అందుకే గుర్తుచేద్దామని వచ్చాను. ఈ రేకు తీయించి, రోజూ నాకింత పండు పెట్టిస్తానని మొన్న మాటిచ్చావు మామ్మా. ఇచ్చిన మాట తప్పుతావా?"

సున్నమ్మ గడ్డిపోచ నమలడం ఆపలేదు. "ఇచ్చానేమో నాయనా, నేను కాదనలేను. పెద్దయ్యను అడుగు. ఆయనకు తెలుసు."

పందికొక్కు పాకవైపు తిరిగింది. పెద్దయ్య నోట్లోది మింగి, తీరిగ్గా అంది. "అలాంటిదేమీ అనలేదు."

"నీకెలా తెలుసు బాబాయ్?"

"నేను ఇక్కడే కట్టేసి ఉన్నాను. పైగా నేను అరటిపండు తినను."

పందికొక్కు తోక ఈడ్చుకుంటూ కట్టెల గుట్ట వైపు వెళ్ళిపోయింది.

నీతి: మనం మర్చిపోయింది మనకు గుర్తుచేసేవాడి మాట నమ్మేముందు, ఆ మాటతో ఎవరి కడుపు నిండుతోందో చూసుకోవాలి.