చంద్రభాగా టాకీస్ అంచులమ్మ

కళింగపేట మెయిన్ రోడ్డులో, బట్టల కొట్టుకూ మందుల షాపుకూ నడుమ, మూడంతస్తుల కాంప్లెక్సు మెట్ల పక్కన ఒక గూడు ఉంది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. శ్రీ అంచులమ్మ తల్లి సన్నిధి అదే. గోపురం కోసం తలెత్తి వెతికే భక్తులు దాన్ని దాటి బస్టాండు దాకా పోయి, దారి అడుక్కుంటూ వెనక్కి వస్తుంటారు. లోపల విగ్రహం లేదు, రాయి కూడా లేదు. అద్దం బిగించిన నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉంది. ఫోటో నిండా పాత సినిమా హాలు, దాని ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. కుడివైపు చివర గాజులున్న ఒక చెయ్యి, ఆ చేతిలో వెలుగుతున్న హారతి పళ్లెం. ఆ చేతి తాలూకు మనిషి ఫోటోలో పడలేదు. పసుపు కుంకుమలు పెట్టేది ఆ అంచుకే.

పూర్వం ఇక్కడ చంద్రభాగా టాకీస్ ఉండేది. దాని పునాదులు తవ్వుతుండగా మోకాలెత్తు రాయి ఒకటి బయటపడింది. రెండు గునపాలు విరిగినా అది కదలలేదని చెబుతారు. కూలికి వచ్చిన నూకాలు అనే పడుచు దానికి పసుపు రాసి, మరిడమ్మ తల్లి వెలిసిందని దండం పెట్టింది. యజమాని భయపడి గోడను రెండడుగులు లోపలికి జరిపించాడు. నేల టిక్కెట్ల గేటు పక్కన తల్లి అలాగే ఉండిపోయింది. హాలు పూర్తయ్యాక నూకాలు అందులోనే ఊడ్చే పనికి కుదిరింది. ఆమె హారతి ఇస్తే తప్ప ఆపరేటరు మొదటి ఆట వేసేవాడు కాదు.

అదే రోడ్డులో ఇప్పిలి నరసింగరావు గారికి ఫోటో స్టూడియో ఉండేది. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ ఆయన ఎదురుగా ఉన్న కాఫీ హోటలు మేడ ఎక్కి హాలును ఫోటో తీసేవారు. మొదట యజమాని అడిగితే తీశారు, తర్వాత ఆయనకే పిచ్చి పట్టుకుంది. కాలికి బలపం కట్టుకుని జిల్లాలోని హాళ్లన్నీ తిరిగారు. డేరా హాళ్లు, రేకుల షెడ్లు, బాల్కనీ ఉన్నవి, లేనివి, మూతపడేలోగా అన్నిటినీ పట్టుకోవాలని ఆయన తపన. ప్రతి ఫోటో వెనుక ఊరు, హాలు, తేదీ రాసి ట్రంకు పెట్టెలో దాచేవారు. చరిత్ర భద్రం చేస్తున్నానని చెప్పుకునేవారు, అది అబద్ధమూ కాదు. అయితే ఆయన చూపు కాస్త నాజూకు. హాలు అందంగా పడాలి. చీపురూ, తట్టా, పసుపు రాయీ, దాని పక్కన నూకాలూ ఆ అందానికి అడ్డం. మేడ మీద నుంచి చెయ్యి ఊపి తప్పుకోమనేవారు. ఆమె చెంగు బిగించుకుని తప్పుకునేది. ఇరవై ఆరేళ్లు ఇదే తంతు.

కాలం మారింది, చంద్రభాగా మూతపడింది. యజమాని పోయాక కొడుకులు స్థలాన్ని పొట్నూరు మాధవరావు అనే వ్యాపారికి అమ్మేశారు. నూకాలు వెళ్లి తల్లిని కదపవద్దని ఆయన్ని వేడుకుంది. మాధవరావు దుర్మార్గుడేమీ కాడు. కానీ స్థలం చేతులు మారుతోందంటే చాలు, రాత్రికి రాత్రి దేవుడి పేరుతో రాళ్లు పుట్టుకొచ్చే రోజులు. హాలు నడిచిన కాలంలోనే తల్లి అక్కడ ఉన్నట్టు ఏ ఆధారం చూపించినా చోటు వదులుతానని, గురువారం దాకా ఆగుతానని మాట ఇచ్చాడు. నూకాలు నేరుగా స్టూడియోకు వచ్చింది.

"బాబూ, తవరు ఇన్నేళ్లు తీసినారు గదా. మాయమ్మ పడిన బొమ్మ ఒక్కటి ఇయ్యండి, సాలు."

ఒకటేమిటి, పది ఇస్తానన్నారు నరసింగరావు గారు. ట్రంకు పెట్టె తెరిచి, మూడు రోజులు భూతద్దం పట్టుకుని కూర్చున్నారు. కటౌట్లు, పూలదండలు, సైకిల్ స్టాండు, క్యూలో చొక్కాలు చింపుకుంటున్నవాళ్లు, అన్నీ ఉన్నాయి. ప్రతి ఫోటో గేటు దాకా వచ్చి ఆగిపోయింది. తాను ఎంత నేర్పుగా తప్పించారో ఆయనకు అప్పుడు తెలిసింది. సోమవారం సాయంత్రం నూకాలును పిలిచి, ఒక్కటీ లేదని చెప్పేశారు. సిగ్గుతో ఆమె వైపు చూడలేకపోయారు.

"తవరు జరగమంటే నానే జరిగినాను గదా బాబూ. తవరి తప్పేటున్నాది?" అంది నూకాలు.

తిట్టినా బాగుండేదని ఆయన తర్వాత చాలామందితో అన్నారు. నూకాలు దాపరికం తెలియని మనిషి. వెళ్లి మాధవరావుకు కూడా ఉన్నమాట చెప్పేసింది.

మంగళవారం మధ్యాహ్నం నరసింగరావు గారు భోంచేసి, కుర్చీలో కునుకు తీస్తుండగా కల వచ్చింది. హాలు మెట్ల మీద ఎర్రచీర కట్టిన ముత్తైదువ ఒకామె కూర్చుని ఉంది. "నన్ను కోసి పారేసినావు. కొయ్యనిదాన్లో ఎతుకు" అంది. ఆయన ఉలిక్కిపడి లేచారు. నెగటివ్‌లో పడినదంతా ప్రింటులోకి రాదు. అంచులు వదిలేసి, చక్కగా ఉన్న భాగమే ప్రింటు వేయడం ఆయన అలవాటు. మూడు రోజులూ తాను అంచులు కోసేసిన ప్రింట్లలోనే వెతికారు. అటక మీది నెగటివ్‌ల పెట్టె దించితే సగం చెదలు తినేసింది. మిగిలినవి బల్బు ముందు ఒక్కొక్కటే పట్టి చూశారు. ఒకే ఒక్కదానిలో కుడి అంచున చెయ్యి కనబడింది. ఆ రోజు హారతి మధ్యలో ఉండి నూకాలు పూర్తిగా తప్పుకోలేకపోయింది. పళ్లెం ముందున్న తల్లిని మాత్రం టిక్కెట్ల కోసం తోసుకుంటున్న వీపులు కప్పేశాయి.

బుధవారం ఉదయం, ఆరీ ఆరని ప్రింటు పట్టుకుని ఆయన పరుగెత్తారు. అక్కడ గోడ లేదు. ఫోటో లేదని తేలిపోయాక గురువారం దాకా ఆగడం దేనికని మాధవరావు గోడలు కూల్చే యంత్రాన్ని తెప్పించాడు. తల్లి మట్టితో పాటు లారీలో వెళ్లిపోయింది. ఆనాడు గునపాలకు లొంగని తల్లి యంత్రానికి ఎందుకు లొంగిందో పెద్దలెవరూ చెప్పలేదు. మాధవరావు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. ఉత్త గోడకు ఎవరూ హారతి ఇవ్వరని ఒప్పుకుని, వెంటనే లారీల వెంట మనుషులను పంపాడు. ఆ మట్టి అప్పటికే మూడు చోట్ల పల్లాలు పూడ్చడానికి పోయింది. నూకాలూ నరసింగరావు గారూ తొమ్మిది రోజులు దాన్ని తవ్వి చూశారు. రాయి దొరకలేదు.

మాధవరావు అదే చోట గూడు కట్టించి, కొత్త విగ్రహం చెక్కిస్తానన్నాడు. వేరే రాయిని తెచ్చి ఆ తల్లే అనుకోమంటే తన వల్ల కాదంది నూకాలు. చివరికి ఆ ఫోటోనే పెద్దది చేసి ప్రతిష్ఠించారు. అంచున మిగిలిన తల్లి గనుక అంచులమ్మ అయింది. ఆ రోజు నరసింగరావు గారు కెమెరా తెచ్చి, గూటి ముందు నిలబడమని నూకాలును బతిమాలారు.

"అమ్మకే మొగం లేదు. నాకెందుకు బాబూ" అని ఆమె పక్కకు తప్పుకుంది.

నూకాలు కాలం చేసి పాతికేళ్లు దాటింది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. నేటికీ శుక్రవారం పదకొండు గంటలకు, మొదటి ఆట వేళకు, అమ్మవారికి హారతి ఇస్తారు. ఇచ్చేది ఆ కాంప్లెక్సు ఊడ్చే మనిషి, అర్చకులకు ఇక్కడ పని లేదు. ఫోటోలు తీయరాదన్న నిషేధం కూడా లేదు. తమ ఇళ్లలో ఒక్క ఫోటో అయినా లేని మనిషిని, పనిమనిషినో పాలేరునో మూలనున్న మేనత్తనో, వెంట తెచ్చి ఇక్కడ ఫోటో తీయించి ఒక కాపీ గూటి గోడకు అంటించడం ఆచారం. అలా చేసినవారికి పోయిన వస్తువు దొరుకుతుందని, జాడ తెలియని మనిషి కబురు అందుతుందని నమ్మకం.

ఆ ఫోటోలు తీసేది నరసింగరావు గారే. ఆయనకిప్పుడు ఎనభై ఏడేళ్లు. నూకాలు ఎలా ఉండేదని భక్తులు అడిగితే, పొట్టిగా, చామనఛాయగా అని మొదలుపెడతారు. ముక్కుపుడక ఏ వైపు ఉండేదని ఎవరైనా అడిగితే ఆగిపోతారు. ఇరవై ఆరేళ్లూ ఆమె ఫోటోకు అడ్డం తొలగిందా లేదా అనే చూశారు. ఆ ముఖం ఒక్కసారి గుర్తు చెయ్యమని ఆయన ప్రతి శుక్రవారం అడుగుతారు. అమ్మవారు అందరి మొక్కులూ తీరుస్తోంది గానీ, ఆయనది ఇంకా తీర్చలేదు.