సున్నండబ్బా చెప్పిన ఎత్తు

వైకుంఠం మాష్టారి దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ప్రశ్న అడిగినవాళ్ళే ఆ ఆదివారం పొట్టేలుకొండకి అందరికంటే ముందు నడవాలి. ముందు నడిచేవారి మాటే ఆ రోజుకి వేదం. వాళ్ళు ఆగమంటే ఆగాలి, నడవమంటే నడవాలి. కొండ దిగేదాకా వాళ్ళని కాదనే హక్కు మాష్టారికి కూడా లేదు. ఆయన సాలూరు హైస్కూల్లో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పి రిటైరైన మనిషి. శనివారం సాయంత్రాలు అరుగు మీద కూర్చుని గీతో ఉపనిషత్తో చదివి, వచ్చిన నలుగురైదుగురికీ అర్థం చెప్పేవారు. గురువుగారూ అంటే ముఖం చిట్లించేవారు గనక అందరూ మాష్టారూ అనే పిలిచేవారు. ప్రశ్న వేస్తే మాత్రం అరుగు మీద ఏనాడూ జవాబు చెప్పి ఎరగరు. కొండ మీద చూద్దాం అనేవారు. దాంతో సగం సందేహాలు మోకాళ్ళ నొప్పుల భయంతోనే తీరిపోయేవి.

ముందు నడిచేవారి మెళ్ళో ఆయన ఒక పరికరం వేసేవారు. విశాఖపట్నంలో పేవ్‌మెంటు మీద గీచి గీచి బేరమాడి కొన్న వస్తువది. గుండ్రంగా, అరచేతిలో ఇమిడేలా, మూతతో ఉంటుంది. ఉత్తరం ఎటో చూపిస్తుంది, వేడి ఎంతో చెబుతుంది, ఎంత ఎత్తులో ఉన్నామో అంకెల్లో వేస్తుంది, ఓ మూల ఎండో వానో బొమ్మ గీస్తుంది. ఒక ఈల, ఒక బుల్లి దీపం కూడా ఉన్నాయి. ఇన్ని విద్యలున్న వస్తువు అంత చవగ్గా వచ్చిందంటే ఎక్కడో తేడా ఉండాలి కదా. ఉంది. కొన్న నెలకే ఆ బొమ్మ కాస్తా బిగుసుకుపోయింది. శ్రావణమాసం ముసురులో కూడా అందులో సూర్యుడు పళ్ళికిలిస్తూనే ఉండేవాడు. శిష్యులు ఆ ఆకారం చూసి దానికి సున్నండబ్బా అని పేరు పెట్టుకున్నారు. బాగు చేయించండి మాష్టారూ అంటే, మిగతావి పనిచేస్తున్నాయిగా అని ఊరుకునేవారాయన.

ఒక వైశాఖమాసంలో, శనివారం పాఠం ముగిసి అందరూ లేస్తుంటే భానుమూర్తి మాత్రం లేవలేదు. ఊళ్ళో సగం డాబాలు ఆయన దగ్గరుండి కట్టించినవే. మనసు వెన్న, మాట మాత్రం సిమెంటు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే మూడే. అటువంటివాడు ఆ సాయంత్రం తలవంచుకుని కూర్చునేసరికి, బ్యాంకులో పనిచేసే పద్మాక్షి కూడా వెళ్ళబోతూ ఆగింది. భానుమూర్తి దాచుకోకుండా అంతా చెప్పాడు. ఆయన భార్య హైమావతి కొన్నాళ్ళుగా ఒకటే మాట అంటోంది. ఏమండీ, మన డాబా మెట్లు పెరిగినట్టున్నాయండీ, అని. మొదట నవ్వుతూ అంది. ఆమె ఏది చెప్పినా నవ్వుతూనే చెబుతుంది. ఆ ఇల్లు భానుమూర్తి తన చేతుల మీదుగా కట్టుకున్నది, మెట్లంటే ఆయనకి ప్రాణం. మెట్టుకీ మెట్టుకీ గోరంత తేడా లేదని ఊరందరికీ చూపించుకున్నవాడు. అలాంటి మెట్లు పెరగడమేమిటని ముందు మందలించాడు. తర్వాత ఆమె చూస్తుండగా లెక్కపెట్టాడు. అప్పటికీ మానకపోతే ఒకరోజు టేపు పట్టుకుని, ఆమెని కింద నిలబెట్టి, ప్రతి మెట్టూ కొలిచి కొలత పైకి చదివాడు. ఆమె విని, నవ్వి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మెట్ల మాటే ఎత్తలేదు, డాబా ఎక్కడమూ మానేసింది. ఆమె పెంచుకున్న మల్లె కుండీలకి ఇప్పుడు ఈయనే నీళ్ళు పోస్తున్నాడు. మొన్న హఠాత్తుగా, బొబ్బిలిలో అక్క దగ్గర కొన్నాళ్ళు ఉండి వస్తాను, అక్కడ మెట్లు లేవు, అంది. పెట్టె సర్దేసుకుంది. సోమవారం ప్రయాణం.

"మెట్లు వంకండీ మాష్టారూ. ముప్ఫై ఏళ్ళ తర్వాత నా మీద విసుగు పుట్టింది" అన్నాడు భానుమూర్తి. ఆమె వెళ్ళిపోతే ఆ ఇల్లు తనకి ఎందుకూ పనికిరాదని ఆయనకి తెలుసు. అప్పుడు అసలు ప్రశ్న వేశాడు. "కళ్ళెదుట కొలిచి చూపించినా నమ్మని మనిషికి నిజం ఎలా చెప్పాలండీ?"

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మెట్లన్నీ కొలిచావా అని మాత్రం అడిగారు. ఒక్కటీ వదల్లేదండీ అన్నాడు భానుమూర్తి. అయితే రేపు నువ్వే ముందు నడువు, అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఇంట్లో పెట్టె సర్ది ఉండగా కొండెక్కే ఓపిక భానుమూర్తికి లేదు. కానీ అడిగి తప్పించుకోవడం మర్యాద కాదు. తెల్లవారి బస్సు దిగాక సున్నండబ్బా మెళ్ళో వేసుకుని ముందు నడిచాడు. పొట్టేలుకొండ సగం ఎక్కాక రెండు గుట్టల మధ్య ఒక చదును ఉంది. అక్కడ ఎప్పుడో సర్వేవాళ్ళు ఎత్తు చెక్కి పాతిన రాయి ఉంది. భానుమూర్తి డబ్బా మూత తీసి చూశాడు. రాతి మీద ఎంతుందో డబ్బాలోనూ అంతే ఉంది. కొలత కొలతకి కలిస్తే ఆయన ప్రాణం లేచి వస్తుంది. చవక వస్తువైనా ఇందులో నిజాయితీ ఉందే అని మెచ్చుకున్నాడు.

అక్కడే పులిహోర పొట్లాలు విప్పారు. తిన్నాక మాష్టారు ఏదో శ్లోకం అందుకున్నారు. పాఠం సాగింది, కొందరు కునుకు తీశారు. చాలాసేపటికి భానుమూర్తి మళ్ళీ మూత తీశాడు. అంకె ఒక కొబ్బరిచెట్టంత పెరిగి ఉంది. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు, రాయి పాతినచోటే ఉంది, డబ్బా మాత్రం కొండెక్కేసింది. అందరికీ చూపించి నవ్వించాడు. రాతి మీది అంకె చూసి, మీట నొక్కి, డబ్బాని దిద్దాడు. మాష్టారు అటొకసారి చూసి, బత్తాయి ఒలుచుకున్నారు. ఇంకొంతసేపు గడిచింది. గాలి కదలడం లేదు, ఒళ్ళంతా జిడ్డు పట్టినట్టు ఉక్కపోత. ఈసారి డబ్బా తాటిచెట్టంత ఎక్కింది. భానుమూర్తికి ఒళ్ళు మండింది. ఇంట్లో మెట్లు పెరిగాయి, ఇక్కడ ఇది పెరిగింది, నా జాతకమే అంత అంటూ మళ్ళీ దిద్దాడు.

ఉక్క చూస్తే అనుమానంగా ఉంది, దిగిపోదామా అని పద్మాక్షి అడిగింది. భానుమూర్తి తలెత్తి చూశాడు. కనిపించినంత మేర ఆకాశం నీలంగా ఉంది. పడమటి వైపు గుట్ట అడ్డం, అటేముందో తెలియదు. శిఖరం దాకా వెళ్ళే తీరాలన్నాడు. సగంలో వదిలేసిన పని ఆయనకి సరిపడదు. ఎప్పుడూ ఆ రాతి దగ్గరే వదిలి వెళ్ళే టార్పాలిన్ పట్టాని మాష్టారు ఈసారి చుట్టి భుజాన వేసుకున్నారు. ఆయన ఎందుకు మోస్తున్నారో ఎవరూ అడగలేదు.

శిఖరం ఇంకా అందలేదు, గుట్ట వెనక నుంచి మబ్బు లేచింది. లేచిందనేలోగా మీద పడింది. ముందు గాలి, వెనకే వడగళ్ళు, ఆపైన కుండపోత. నడిచొచ్చిన దారి చూస్తుండగానే ఎర్రనీళ్ళు పారే గెడ్డ అయిపోయింది. పద్మాక్షి కాలు జారితే భానుమూర్తి జబ్బ పట్టుకుని ఆపాడు. ఆ క్షణంలో ఆయనకి నిజంగా భయం వేసింది, వాన చూసి కాదు, ఇంతమంది తన మాట మీద ఇక్కడిదాకా వచ్చారని. ఒక బండచూరు కింద అందరూ ఒదిగారు. మాష్టారు పట్టా విప్పి అడ్డం కట్టారు. పళ్ళు టకటకలాడుతున్నా అందరూ క్షేమంగానే ఉన్నారు.

ఊపిరి తీసుకున్నాక భానుమూర్తికి కోపం వచ్చింది. మెళ్ళోని డబ్బా తీసి చూశాడు. సూర్యుడు పళ్ళికిలిస్తున్నాడు. చవక సరుకు మెళ్ళో వేసుకుంటే ఇంతే, ఒక్క మాట ముందు చెప్పిందా అని తిట్టాడు.

"చెప్పింది" అన్నారు మాష్టారు. "రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నువ్వు దిద్దావు."

ఆ తర్వాత తరగతిలో చెప్పినట్టే నెమ్మదిగా చెప్పారు. ఆ డబ్బాకి ఎత్తంటే ఏమిటో తెలియదు. తన మీద గాలి ఎంత బరువుగా ఆనుతోందో అదొక్కటే దానికి తెలుసు. పైకెక్కేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది, తగ్గినకొద్దీ అది ఎత్తు పెంచి చూపిస్తుంది. కానీ గాలివాన ముంచుకొచ్చే ముందు కూడా ఆ బరువు తగ్గుతుంది. అప్పుడు మనిషి కూర్చున్నచోటే కూర్చున్నా డబ్బా కొండెక్కుతుంది.

"దానికి వచ్చిన మాట ఎత్తొక్కటే, మూర్తీ. గాలి తగ్గిందని చెప్పాలన్నా, ఎత్తు పెరిగిందనే అంటుంది పాపం."

పద్మాక్షికి కోపమొచ్చింది. తెలిసి ఎందుకు ఊరుకున్నారని నిలదీసింది. కట్టుబాటు నాది, పట్టా మోయడమూ నాదే అన్నారు మాష్టారు. ఆమెకది తృప్తిగా అనిపించలేదు. ఆ మాట ఆయన మొహానే చెప్పింది, ఆయన ఒప్పుకున్నారు.

భానుమూర్తి నవ్వబోయాడు. రాయిని చూసుకుని డబ్బాని తప్పుపట్టిన తన తెలివికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మెట్ల మలుపు దగ్గర గోడ మీద ఒక మరక ఉండేది. అరచేయి ఆనించి ఆనించి పడిన మరక. తెల్లగోడ పాడైపోతోందని హైమావతిని కసురుకుని, రంగు తెప్పించి తనే దగ్గరుండి కప్పించాడు. సగం మెట్లెక్కి, గోడకి చెయ్యి ఆన్చి, ఆమె అక్కడ ఎందుకు నిలబడుతోందో ఒక్కనాడు అడగలేదు. మెట్లు మాత్రం కొలిచాడు.

"మాష్టారూ" అన్నాడు. "మా మెట్లు సరిగ్గానే ఉన్నాయండీ."

"ఉంటాయి. నువ్వు కట్టినవి కదా."

వాన వెలిశాక దిగారు. దిగేటప్పుడు భానుమూర్తి వెనక్కి తిరిగి చూడలేదు, మిగతావాళ్ళు పరుగులాంటి నడకతో అందుకోవలసివచ్చింది. కొండ దిగువన టీ కొట్టు దగ్గర ఇంటికి చేస్తే ఫోను పలికింది. హైమావతి గొంతులో ఎప్పటి నవ్వే ఉంది. ఏమండీ, మళ్ళీ కొలవాలా, పెట్టె సర్దేశానే అంది.

"మెట్ల సంగతి వదిలెయ్, హైమా. ఎక్కుతుంటే నీకెలా ఉంటోందో చెప్పు."

ఫోను తెగిపోయిందేమోనని ఆయన చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. తర్వాత ఆమె మొదలుపెట్టింది. ఇప్పుడా గొంతులో నవ్వు లేదు. సగం ఎక్కేసరికి గుండె మీద ఎవరో చెయ్యి వేసి అదిమినట్టుంటోందట. ఊపిరి అందడానికి గోడ పట్టుకోవలసివస్తోందట. దాన్ని ఏమనాలో తెలియక మెట్లు పెరిగాయందట. ఆయన కొలిచి చూపించాక, తప్పు తనదేనేమో అనుకుందట. అక్కకైనా చెప్పుకుందామని బొబ్బిలి ప్రయాణం కట్టిందట. భానుమూర్తి ఒక్క మాట అడ్డం చెప్పకుండా విన్నాడు. అంతసేపు నోరు మెదపకుండా వినడం ఆయనకి అదే మొదలు. చివరికి, రేపు ఇద్దరం కలిసి విజయనగరం వెళ్ళి గుండె డాక్టరుకి చూపిద్దామని, తను వచ్చేదాకా ఏ పనీ పెట్టుకోవద్దని చెప్పాడు. కళ్ళు తుడుచుకున్నాడు, ఎవరు చూసినా పట్టించుకోలేదు.

బస్సు వచ్చింది. భానుమూర్తి సున్నండబ్బా ఇచ్చేద్దామని మెళ్ళోంచి తీశాడు. తడిసి ముద్దయినా సూర్యుడు పళ్ళికిలిస్తూనే ఉన్నాడు. కింద అంకె మళ్ళీ తేడాగా ఉంది. అలవాటు కొద్దీ బొటనవేలు మీట మీదికి పోయింది, పోయి ఆగింది. మాష్టారు దాన్ని తీసుకోలేదు. భానుమూర్తి చేతిలోనే పెట్టి, వేళ్ళు మూశారు.

"ఇంటికి తీసుకెళ్ళు, మూర్తీ. దాని మొహాన ఎప్పుడూ ఎండే. అది చూసి గొడుగు మరిచిపోకు."