చీనా భంతే అడిగింది

చీనా భాష నేర్చుకోవాలని రేవతుడికి ఎంత కోరికో, ఎలా నేర్చుకోవాలో తేల్చుకోలేక అంత అవస్థ.

కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, ఏటి గట్టు మీద ఉండేది వాళ్ల విహారం. రేవుకి వచ్చే ఓడల్లో అప్పుడప్పుడు చీనా వాళ్లు దిగేవారు. ఎప్పటికైనా ఆ ఓడ ఎక్కి వాళ్ల దేశం వెళ్లి, తనకు కంఠస్థమైన సూత్రాలు వాళ్ల భాషలోనే చెప్పాలని రేవతుడి ఆశ. నేర్పే గురువు లేడు. సలహాలకు మాత్రం కొదవ లేదు.

"ముందు మాట పట్టుకోండి స్వామీ, రాత దానంతటదే వస్తుంది" అన్నాడు రేవులోని వర్తకుడు ఒకాయన. దాంతో రేవతుడు కొన్నాళ్లు రేవులో కూర్చుని, ఓడవాళ్ల కేకలు విని వాటినే పలికాడు.

గ్రంథాలు చూసే భిక్షువు అది విని నవ్వాడు. "ఓడవాళ్ల కేకలతో ధర్మం చెప్తావా? ఎవరో ఓడవాళ్లు అర్థాలతో రాసిచ్చిన అక్షరాలున్నాయి, అవి దిద్దు."

రేవు మానేసి ఇసుక పళ్లెం ముందు కూర్చున్నాడు. అక్షరాలు కాస్త చేతికి వస్తున్నాయనగా, దారిన పోతూ ఆగిన ఒక యాత్రికుడు, "నీకు వచ్చిన సూత్రాన్నే చీనా భాషలో వల్లెవేయి. అర్థం ముందే తెలుసు కదా" అని, ఆ సూత్రం రాసిన కాగితపు చుట్ట ఒకటి చదివి వినిపించి, ఇచ్చి వెళ్లాడు. ఇసుక పళ్లెం మూలకు చేరింది.

ఏది మొదలుపెట్టినా, ఇంకోటి ఇంతకంటే మంచిదేమోనన్న అనుమానం అతన్ని కుదురుగా ఉండనిచ్చేది కాదు. మనిషి సోమరి కాదు పాపం. అంత కష్టపడి తిరిగినవాడు ఆ విహారంలో ఇంకొకడు లేడు.

ఇలా ఉండగా, చలికాలం మొదట్లో హుయిలాన్ అనే ముసలి చీనా భిక్షువు యాత్రకు వచ్చాడు. వెంట వచ్చిన దుబాసీ సముద్రం మీదే జ్వరంతో పోయాడట. మన మాటల్లో ఆయనకు తెలిసింది బుద్ధుడి పేరొక్కటే. వచ్చిన కొద్ది రోజులకే రొమ్ము పట్టేసి మంచం ఎక్కాడు. పెద్ద భిక్షువుల్ని భంతే అని పిలిచినట్టే, అందరూ ఆయన్ని చీనా భంతే అనేవారు.

చీనా భంతే రోజూ ఏదో అడిగేవాడు. రోజూ అదే మాట. నీళ్లు తెస్తే కళ్లు మూసుకునేవాడు. గంజి తెస్తే తల అడ్డంగా ఊపేవాడు. చలేస్తోందేమోనని ఇంకో కంబళి కప్పితే, కంటి కొసన నీరు కారేది. కంబళ్ల కింద నుంచి చెయ్యి పైకి తీసే ఓపిక కూడా ఆయనకు లేదు. ఈ చలి దాటడం కష్టమని వైద్యం చేసే భిక్షువు చెప్పేశాడు.

"వెళ్లి ఆయన పక్కన కూర్చో. ఏమడుగుతున్నాడో కనుక్కో" అన్నాడు విహారానికి పెద్ద అయిన ధర్మనంది స్థవిరుడు.

"ఇంకా సరిగ్గా రాదు భంతే" అన్నాడు రేవతుడు. "అంత పెద్దాయన ముందు తప్పులు మాట్లాడితే ఏం బాగుంటుంది? కాస్త కుదరనివ్వండి."

స్థవిరుడు మళ్లీ అడగలేదు.

ఒక ఉదయం రేవతుడే ఆయన దగ్గరకు వచ్చాడు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"భంతే, వినడమా, దిద్దడమా, వల్లించడమా? మూడూ కలపాలంటే ఏది ముందు, ఏది ఎంత? అదొక్కటి తేల్చి చెప్పండి. ఇక తిరుగుండదు."

స్థవిరుడు గోడకున్న భిక్షాపాత్ర అందుకున్నాడు. "పద, ఊళ్లోకి వెళ్లొద్దాం."

మొదటి ఇంట్లో వేడన్నం పెట్టారు. రెండో ఇంట్లో పెసరపప్పు. ఆ పక్కింట్లో తోటకూర. ఇద్దరికీ సరిపడా అయింది. రేవతుడు వెనక్కి తిరగబోయాడు.

"ఇంకో ఇల్లు చూద్దాం" అన్నాడు స్థవిరుడు. "అక్కడ పెరుగుంటుందేమో."

పెరుగు దొరికింది. "కుమ్మరివాడలో ఉలవచారు బాగుంటుందట" అని అటు నడిచాడు స్థవిరుడు. అక్కడి నుంచి సాలెవీధికి. పాత్రలు నిండిపోయాయి, ఆయన మాత్రం ఆగడం లేదు. రేవతుడు ఆశ్చర్యపోయాడు. రుచుల మాట ఏనాడూ ఎత్తని మనిషికి ఇవాళ ఏమైంది? ఎండ నడినెత్తికి వస్తోంది. మధ్యాహ్నం దాటితే భిక్షువు ముద్ద నోట పెట్టకూడదు. అది వాళ్ల నియమం.

"భంతే, పొద్దు..."

"ఇంకొక్క ఇల్లు."

గట్టు ఎక్కుతుండగా విహారంలో మధ్యాహ్నపు గంట మోగింది.

స్థవిరుడు ఏటి ఒడ్డున కూర్చున్నాడు. తన పాత్రలోని అన్నం కుక్కలకు పెట్టాడు. రేవతుడి చేతిలోది తీసుకుని అదీ పెట్టాడు. రెండు పాత్రలూ కడిగి, బోర్లించి, ఒకటి రేవతుడి చేతికిచ్చాడు.

రేవతుడికి కడుపు కాలుతోంది. కోపం కూడా వచ్చింది.

"పాత్ర నిండా అన్నం పెట్టుకుని పస్తేమిటి భంతే? ఆ మూడో ఇంటి దగ్గరే ఆగి కలుపుకు తినుంటే..."

మాట సగంలో ఆగిపోయింది.

"అన్నీ మంచి ఇళ్లే నాయనా" అన్నాడు స్థవిరుడు. ఆ వయసులో ఆయనకూ ఆ పూట పస్తే.

రేవతుడు పాత్ర అక్కడే పెట్టి, తిన్నగా చీనా భంతే గదికి వెళ్లాడు.

గది నిండా కషాయం వాసన. తలుపు మూసి ఉంది. మంచం తల వెనక ఉన్న కిటికీ చలిగాలి రాకుండా బిగించి ఉంది. రేవతుడు నేల మీద కూర్చున్నాడు. తప్పో ఒప్పో, వచ్చిన నాలుగు ముక్కలూ కూడగట్టి ఆ భాషలో అడిగాడు.

"మీకు ఏం కావాలి?"

ముసలాయన కళ్లు తెరుచుకున్నాయి. రేవతుడి ముఖంలోకి చూశాడు. తర్వాత, పసివాడికి చెప్పినట్టు, ఒక్కో మాట విడదీసి పలికాడు.

మొదటి మాట రేవతుడికి తెలుసు. ఓడ అడుగున సరుకు గది మూత తీయమని రేవులో అరిచే కేక అది. తెరువు.

రెండో మాట చెవికి అందలేదు. రేవతుడు కంబళ్లు తొలగించి, తన అరచేయి ఆయన వేళ్ల కింద పెట్టాడు. ఒక వేలు మెల్లగా కదిలింది. పక్కపక్కన మూడు నిలువు గీతలు. ఇసుక పళ్లెంలో దిద్దిన మొదటి అక్షరాల్లో ఒకటి. ఏరు.

మూడోది తను వల్లించిన సూత్రం మొదట్లోనే వచ్చే మాట. వినడం.

రేవతుడు లేచాడు. కిటికీ గడియ తీసి రెక్కలు బార్లా తెరిచాడు. చల్లటి గాలితో పాటు కృష్ణ చప్పుడు గదిలోకి వచ్చింది. ఆ గట్టు మీదే పెరిగినవాడికి అదొక చప్పుడుగానే ఎప్పుడూ తోచలేదు. ఎక్కడో ఒక ఏటి ఒడ్డున పుట్టిన మనిషి, మంచం ఎక్కిన రోజు నుంచీ అడిగింది ఇంతే. విహారంలోవాళ్లేమో దయగా కిటికీ బిగించి, కంబళి మీద కంబళి కప్పుతూ వచ్చారు.

చీనా భంతే కళ్లు మూసుకున్నాడు. ఈసారి ముఖం నెమ్మదించింది. పెదవులు కదిలాయి. ఇంకేదో చెబుతున్నాడు, పెద్ద మాటే. రేవతుడికి అర్థం కాలేదు.

గుమ్మంలో స్థవిరుడు నిలబడి ఉన్నాడు.

రేవతుడు ఆయన దగ్గరకు వచ్చాడు. దుఃఖం ఆగలేదు.

"ఇన్నాళ్లూ అడుగుతూనే ఉన్నాడు భంతే. నేను రేపు, రేపు అనుకుంటూ..."

స్థవిరుడు కిటికీలోంచి ఏటి వైపు చూశాడు. నీళ్ల మీద ఎండ ఇంకా ఉంది.

"పొద్దుంది" అన్నాడు. "వెళ్లి కూర్చో."