అసిరమ్మ మైనం పూసిన గుండు

అసిరమ్మకు నలభై ఏళ్లు. అన్నం ముందు కూర్చోబోయే ముందు బూడిదతో మూడుసార్లు చేతులు తోముకునేది.

ఇది ఎప్పటి మాటంటే, అడవి ఊరి గుమ్మం దాకా ఉన్నప్పటి మాట. రాజెవరో ఊరికి తెలియదు, ఊరొకటుందని రాజుకు తెలియదు. ఊరికి ఒక దొర, దొరకు ఒక కోట, కోటకు ఒక తుపాకి. గొట్టం లోపల పాము మెలికల్లా గాడులున్న రైఫిలు అది. దానికి గుండ్లు చేసేవాడు గుండ్ల పకీరయ్య. పేరు పకీరయ్యది, వేళ్లు అతని పెళ్లాం అసిరమ్మవి.

సీసం కరిగించి అచ్చులో పోసేది. అచ్చులోంచి వచ్చిన గుండ్లు ఒక్క తల్లి పిల్లలే గాని ఒక్క లావు కావు. అందుకని కన్నం తొలిచిన ఇనప పలక మీద ఒక్కొక్కటే నిలబెట్టి, కర్రసుత్తితో కొట్టి, ఆ కన్నంలోంచి దూర్చేది. రవ్వంత లావున్నది అక్కడ సన్నబడేది. ఆఖరున తేనెమైనం, మేకకొవ్వు కలిపి కాచి, గుండు నడుము చుట్టూ ఉన్న గీతలు నిండేలా బొటనవేలితో పూసేది. పొయ్యాలి, దూర్చాలి, పుయ్యాలి. పని చేస్తున్నంతసేపూ ఆ మూడు మాటలే పాడుకునేది. కోట వెనక సందులో మైనం వాసన వస్తే అసిరమ్మ పొయ్యి దగ్గర ఉందని ఊరికి తెలిసేది. పిల్లలు ఆ వాసన కోసం దారి మళ్లి మరీ ఆ సందులోంచి వెళ్లేవారు. ఇప్పుడా సందూ లేదు, ఆ వాసనా లేదు.

పకీరయ్య పోయాడు. పని మాత్రం ఆగలేదు. విధవరాలు ఎదురొస్తే దొర ఇంట్లోకి తిరిగి వెళ్లి మంచినీళ్లు తాగేవాడు. విధవరాలు చేసిన గుండ్లు మాత్రం దొడ్డిదారిన తెప్పించుకునేవాడు.

ఆ ఏడు కొండ మీదికి పెద్దపులి వచ్చింది. విస్తళ్లకు అడ్డాకులు కోసుకోవడానికి వెళ్లిన ఆడవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ఎత్తుకుపోయింది. కోటలో వేట మాట పుట్టింది. అసిరమ్మ విధవరాలని అప్పుడు గుర్తొచ్చింది పూజారికి.

“సీసం పొయ్యనివ్వండి, కన్నంలో దూర్చనివ్వండి. పూత మాత్రం ఆవిడ చేత్తో వద్దు. ఆయుధానికి పూత అంటే బొట్టు పెట్టినట్టు. పైగా మేకకొవ్వు మైల. నేను ఆవునెయ్యి పూసి ఇస్తాను” అన్నాడు.

దొర తలూపాడు.

మొదట దొర బావమరిది వెళ్లాడు. గుండు పక్కకు పోయింది. చెట్టెక్కి బతికాడు. రెండోసారి వేటగాడు సోములు వెళ్లాడు. గుండు పక్కకు పోయింది. అతనికి చెట్టు అందలేదు. మూడోసారి వంతు గవరయ్యది. గవరయ్య అసిరమ్మ తమ్ముడు. తల్లి పోతే ఆవిడే గంజి పోసి పెంచింది.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ గవరయ్య తుపాకి భుజాన వేసుకుని వచ్చాడు.

“అప్పా, రేపు నాను ఎల్తన్నాను.”

“ముందా తుపాకి దింపు” అంది అసిరమ్మ.

గొట్టాన్ని వెలుగుకు పెట్టి చూసింది. గాడుల నిండా సీసం అట్ట కట్టింది. ఎండకు నెయ్యి కరిగి కారిపోయింది. తడి లేని సీసం ఇనుముకు రాసుకుని అక్కడే అంటుకుపోయింది.

“నెయ్యేసుకోడానికి ఇదేటి పప్పన్నమేట్రా? రేపూ ఇదే గుండు పేలిస్తే నీ ఎముకలు నాను ఏరుకోవాల” అంది.

“పూజారిగారి మాట కాదంటే దొర నా తోలు తీసేత్తాడప్పా.”

“పులి తీసే ముందా, తీసేక?”

అసిరమ్మ కడ్డీకి కొబ్బరిపీచు చుట్టి, సలసల కాగే నీళ్లతో గొట్టం తోమింది. మెరిసేదాకా తోమింది. తర్వాత మైనం గిన్నె చంకన పెట్టుకుని, దొడ్డిదారి వదిలి, కోట సింహద్వారంలోంచి లోపలికి నడిచింది. దొరకు మంచినీళ్లు తాగే వ్యవధి కూడా లేకపోయింది.

నెయ్యి పూసిన గుండొకటి, మైనం పూసిన గుండొకటి ఎండలో బండ మీద పెట్టింది. అందరూ చూస్తుండగానే నెయ్యి కారి బండ మీద మరకయింది. మైనం ఎక్కడిది అక్కడే ఉంది.

“ఇది శాస్త్రం కాదు” అన్నాడు పూజారి.

“కాదు బాబూ, ఎండ” అంది అసిరమ్మ. దొర వైపు తిరిగింది. “నా చెయ్యి పనికిరాదంటే, రేపు పూజారి బాబునే పంపండి. తను బొట్టెట్టిన గుండు తనకి తప్పుద్దేటి?”

పూజారికి అప్పుడే నడుం నొప్పి మొదలైంది. దొర ఆయన నడుం వైపు చూశాడు, తుపాకి వైపు చూశాడు, అసిరమ్మ చేతుల వైపు చూశాడు.

“పుయ్యి” అన్నాడు.

ముంగిట్లో, అందరి ఎదుట, మూడు గుండ్లకు పూసింది.

“మూడెందుకే?” అన్నాడు దొర.

“ఒకటి పులికి, ఒకటి తప్పుకి, ఒకటి బయానికి.”

మర్నాడు పొద్దెక్కేసరికి కొండ మీద ఒక్కటే చప్పుడు. ఇంకో చప్పుడు వస్తుందేమోనని అసిరమ్మ వాకిట్లో నిలబడే ఉంది. రాలేదు. గుండు తగిలిందో, తమ్ముడే లేడో ఆ చప్పుడు చెప్పదు. చీకటి పడేలోగా రెండు గుండ్లు తిరిగొచ్చాయి. వాటిని పట్టుకుని గవరయ్య తిరిగొచ్చాడు.

దొర దండ వేయబోతే గవరయ్య తల వంచలేదు.

“నాను మీట నొక్కానంతే బాబూ. ఎల్లింది మా అప్ప గుండు” అన్నాడు.

అసిరమ్మ పోయి ఎన్ని తరాలయిందో లెక్క లేదు. ఆ ఊళ్లో ఇప్పటికీ ఆయుధపూజ నాడు కొడవలికి, గొడ్డలికి, కుట్టుమిషనుకు, మోటారు సైకిలుకు పసుపు కుంకాల కన్నా ముందు మైనం పెడతారు. ఒక విధవరాలి బొటనవేలితోనే పెట్టించాలి. ఊళ్లో ఎవరూ లేకపోతే పక్క ఊరు వెళ్లి బతిమాలి తెచ్చుకుంటారు. ఆవిడ పెట్టేదాకా పూజారి హారతి పళ్లెం పట్టుకుని వెనక నిలబడతాడు. “పొయ్యాలి, దూర్చాలి, పుయ్యాలి” అని అందరూ మూడుసార్లు అంటారు. ఏం పొయ్యాలో, ఎందులో దూర్చాలో చాలామందికి తెలియదు.

అసిరమ్మ మాత్రం ఆ పూజలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆ ఏడు దసరా రాకముందే మారుమనువు చేసుకుని కొండ దాటి వెళ్లిపోయింది.