సుంకులు పేరున్న జోలపాట

అనగనగా, పాటకు కూడా రాజముద్ర వేసే ఒక దేశం ఉండేది. కొత్త పాట కట్టినవాడు కొలువుకు వెళ్లి పాడాలి. రాజుగారు ఆ పాటనూ, కట్టినవాడి పేరునూ రాగిరేకు మీద చెక్కించి ముద్ర వేయిస్తారు. ఇక ఎవరు పాడినా రేకు మీద ఉన్నది ఉన్నట్టే పాడాలి.

ఆ దేశంలో ఓబన్న అనే కిన్నెర వాయించేవాడు ఉండేవాడు. తల్లిలేని కూతురు సుంకులును గుండెల మీద పెట్టుకుని పెంచాడు. పాలపళ్లు ఊడకముందే ఆ పిల్ల జబ్బుపడి కన్నుమూసింది. మంచం పక్కన కూర్చుని కట్టిన జోలపాట ఒక్కటే అతనికి మిగిలింది. అందులో ప్రతి చరణంలోనూ సుంకులు పేరుంది.

చూరులో కాపురముండే గోరింక అంది: "ఓబన్నా, పాటకు ముద్ర వేయించుకో."

"రెండో చరణంలో ఒక మాట కుదరలేదే. తప్పుతో ఎలా వెళ్లను?"

వానలు వెలిశాక మళ్లీ అంది.

"బిడ్డ పాటను సభలో పెట్టి నాది, నాది అని చెప్పుకోనా? మనసొప్పదే."

కోతలయ్యాక మూడోసారి అంది.

"నా ఇంట్లో పాట ఎక్కడికి పోతుందే? పోయి గింజలు ఏరుకో!"

ఒకనాడు ఆస్థాన గాయకుడు మార్తాండుడు ఎండకు తాళలేక ఓబన్న అరుగు మీద కూర్చున్నాడు. లోపలి నుంచి జోలపాట వినపడింది. "ఎంత బాగా కట్టావు తమ్ముడూ! ఇంకోసారి పాడు," అన్నాడు. మళ్లీ పాడించుకున్నాడు. మూడోసారికి తనే గొంతు కలిపాడు.

నగరం చేరగానే ఆ పాటకు తన పేరుతో ముద్ర వేయించుకున్నాడు. సుంకులు పేరు తీసేసి రాకుమారి రత్నమాంబ పేరు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి దేశంలో ప్రతి ఉయ్యాల దగ్గరా అదే పాట.

ఓబన్న సంతలో పాడబోతే జనం నవ్వారు. "రాకుమారి పాటలో నీ కూతురి పేరు దూర్చావేంటయ్యా!" తలారి వచ్చి కిన్నెర లాక్కున్నాడు.

ఓబన్న వెళ్లి, పాట తనదని రాజు కాళ్ల మీద పడ్డాడు. రాజు మార్తాండుణ్ణి కూడా పిలిపించి, ఇద్దరినీ పాడమన్నాడు. ఇద్దరూ మూడో చరణం నడుమ కాసేపు ఆగారు.

"ఇక్కడెందుకు ఆగారు?" అడిగాడు రాజు.

"అందం కోసం, ప్రభూ," అన్నాడు మార్తాండుడు.

"అక్కడికొచ్చేసరికి నా బిడ్డకు దగ్గుతెర వచ్చేది దొరా. తగ్గేదాకా ఆగేవాణ్ణి," అన్నాడు ఓబన్న.

రాజు మార్తాండుణ్ణి కొలువు నుంచి వెళ్లగొట్టి, రేకు మీద ఓబన్న పేరు, సుంకులు పేరు చెక్కించాడు.

"పాట నీదేనయ్యా," అన్నాడు నెమ్మదిగా. "కానీ ఊరూరా నోళ్లలో పడింది. దాన్ని వెనక్కి పిలవడం నావల్ల కూడా కాదు."

తిరుగుదారిలో ఒక వాకిట్లో ఓ తల్లి బిడ్డను ఊపుతూ పాడుతోంది: "రత్నమాంబా, నిదురపో..."

ఓబన్న ఆగాడు. "అమ్మా, అక్కడ సుంకులు అనాలి."

ఆమె జాలిగా నవ్వింది. "లేదన్నా, నువ్వే మరిచిపోయినట్టున్నావు. అందరూ ఇలాగే పాడతారు."

బిడ్డ కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్ర చెడుతుందని ఓబన్న ఇంకేమీ అనలేదు.

కాబట్టి పిల్లలూ, మీరు కట్టిన పాట పరుల నోట పడకముందే మీ పేరు రాయించుకోండి. ఆలస్యంగా వచ్చిన న్యాయం పాటను తిరిగి ఇస్తుందేమో గాని, అందులోంచి జారిపోయిన పేరును జనం నోటికి తిరిగి తేలేదు.