తడికల చాటు బండి

గంపలల్లే ఓబులంత పరోపకారి ఆ ఊళ్ళో లేడు. ఎవరేం అడిగినా తెలియదని చెప్పి వాళ్ళ మనసు కష్టపెట్టడు. ఏదో ఒకటి చెప్పే పంపిస్తాడు.

ఆ ఏడు రాజుగారి ఉత్సవానికి, ఓబులు అల్లిన తడికల చాటున, కొయ్య పట్టాల మీద ఎక్కి దిగే కొత్త బండి కడుతున్నారు. గరుత్మంతుడి ఆకారమని కొందరు, మొసలని కొందరు వాదించుకుంటుంటే ఓబులు కల్పించుకున్నాడు. "నాగుపామయ్యా. పడగ కింద కూర్చుని జర్రున జారడమే."

మర్నాడు ఉత్సవాధికారి అతన్ని నడివీధిలో నిలబెట్టాడు. "తడిక సందులోంచి చూసి గుట్టు రట్టు చేశావట. నిన్ను ఉత్సవంలో అడుగు పెట్టనివ్వను."

ఆ బండెక్కాలని నెలలుగా కలలు కంటున్న ఓబులు చేతులు కట్టుకుని అన్నాడు. "నా తడికకు సందుండదు దొరా. నేను చెప్పింది తప్పైతే గుట్టు పదిలమే. నిజమైతే, ఇప్పటిదాకా నన్నెవరూ నమ్మలేదు. తమరు శిక్ష వేస్తే మాత్రం అందరూ నమ్ముతారు."

అధికారి చుట్టూ చూశాడు. జనమంతా చెవులు రిక్కించి ఉన్నారు. "వీడి మాటలకేంలే, పోనీయండి" అన్నాడు నీరసంగా.

ఉత్సవం నాడు తడికలు తీశారు. ఎదురుగా ఐదు పడగల నాగుపాము. అందరికంటే పెద్దగా నోరు తెరిచింది ఓబులే. మొదటి వరుసలో ఎక్కి కూర్చున్నాక పక్కనున్నావిడ అడిగింది. "వచ్చే ఏడు ఏం కడతారు, ఓబులన్నా?"

"ఏనుగమ్మా" అన్నాడు వెంటనే.

తెలియదనడం అతనికి ఇంకా చేతకాలేదు.